నోట్సు యాప్‌కు బాడుగ కట్టాలా, సొంతంగా కొనుక్కోవాలా?

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ల ఫోన్లలో చాలామటుకు ఒక చిట్టా ఉంటుంది. చుట్టాల పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు. 300 రూపాయల దర్శనం టికెట్లు వదిలే రోజున ఆ చిట్టా తెరిచి గబగబా కాపీ చేసుకోవాలి. ఆలస్యమైతే అంతే సంగతులు. మదనపల్లె పిన్నీ వాళ్ల వివరాలు నేను ముందురోజు రాత్రి లాప్‌టాప్‌లో రాసిపెట్టాను. పొద్దున ఫోన్ తెరిస్తే ఆ నోటు లేదు. పాత కార్డు గడువు అయిపోయింది, కొత్త కార్డుకు నేను మళ్లీ అనుమతి ఇవ్వలేదు, యాప్ చందా ఆగింది, దాంతోపాటు సింక్ (లాప్‌టాప్‌లో రాసింది ఫోన్లోనూ కనిపించే ఏర్పాటు) కూడా ఆగింది. పిన్ని ఇప్పటికీ ఆ మాట ఎత్తుతూనే ఉంటుంది. (ఆధార్ నంబర్లు అలాంటి చోట రాసుకోవడమే తప్పు. అది వేరే సంగతి.)

అప్పుడు పట్టుకుంది నాకు ఈ లెక్కల పిచ్చి. నెలనెలా కట్టే యాప్ మేలా, ఒకేసారి కొనేసేది మేలా? మా వైపు అద్దెను బాడుగ అంటాం. నా రాతలకు నేనే బాడుగ కట్టడమేంటని మొదట ఒళ్లు మండింది. తర్వాత తెలిసింది, అది అంత తేలిక లెక్క కాదని.

మా అక్క కూతురు ఇక్కడే ఎస్వీ మెడికల్ కాలేజీలో చదువుతోంది. ఐప్యాడ్ మీద పెన్నుతో రాసుకునే రకం. అలా రాసుకునే యాప్ గుడ్‌నోట్స్. దాని ఆరో వెర్షన్ 2023లో వచ్చినప్పుడు రెండు రేట్లు పెట్టారు: ఏడాదికి సుమారు 10 డాలర్లు, లేదా ఒకేసారి 30 డాలర్లు. "మామా, నాకు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఏడాది చందా అయితే ఆరుసార్లు కట్టాలి, 60 అవుతుంది. ఇందులో ఆలోచించేదేముంది?" అంది. నిజమే, ఆలోచించేదేమీ లేదు. మూడేళ్లు దాటి వాడతామని ఖాయంగా తెలిసినప్పుడు ఒకేసారి కొనడమే మేలు. ఆరు నెలలకొక యాప్ మార్చే నాలాంటివాడికి ఆ లెక్క తిరగబడుతుంది.

అయితే 'ఒకసారి కొంటే జీవితాంతం' అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఎవరి జీవితాంతం? మనది కాదు, ఆ యాప్‌ది. 2017లో ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11 వచ్చినప్పుడు, 32 బిట్ అనే పాత పద్ధతిలో తయారైన యాప్‌లు తెరుచుకోవడం మానేశాయి. తయారుచేసినవాళ్లు కొత్త రూపంలో ఇవ్వకపోతే, డబ్బు పెట్టి కొన్నవి కూడా ఐకాన్లుగా మిగిలిపోయాయి. ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఏటా మారుతుంది, దానికి తగ్గట్టు యాప్‌నూ ఎవరో ఒకరు కూర్చుని సరిచేయాలి. ఒకేసారి అమ్మేసినవాడికి పాత కస్టమర్ నుంచి పైసా రాదు. రోజూ కొత్తవాళ్లు కొంటేనే అతనికి జీతం. పైగా ఆపిల్ యాప్‌స్టోర్‌లో పాత కస్టమర్లకు తగ్గింపు రేటుకు కొత్త వెర్షన్ అమ్మే ఏర్పాటు నేరుగా లేదు. అందుకే చాలామంది చందా దారి పట్టారు. దీన్ని వట్టి దురాశ అనలేను.

దురాశ ఎక్కడ కనిపిస్తుందంటే, అమ్మేసిన సరుకుకు మళ్లీ బాడుగ అడిగినప్పుడు. 2021 నవంబరులో నోటబిలిటీ అనే నోట్సు యాప్ అదే చేయబోయింది. అంతకుముందే డబ్బిచ్చి కొన్నవాళ్లకు ఒక ఏడాది గడువిచ్చి, ఆ తర్వాత చందా కట్టకపోతే కొన్ని సదుపాయాలు ఉండవంది. జనం విరుచుకుపడ్డారు. చందాకు మారే యాప్ పాత కొనుగోలుదారుల దగ్గర్నుంచి ముఖ్యమైన పనులు లాక్కోకూడదని ఆపిల్ నిబంధన కూడా ఉంది. కొద్ది రోజుల్లోనే కంపెనీ వెనక్కి తగ్గి, పాతవాళ్లకు పాత సదుపాయాలు ఎప్పటికీ ఉంటాయని ప్రకటించింది. ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యాక పాత యజమాని వచ్చి వంటగదికి బాడుగ అడిగితే ఎవరు ఊరుకుంటారు?

ఇక మూడో దారి, ఉచితం. గూగుల్ కీప్ ఉంది, వన్‌నోట్ ఉంది. మన రేణిగుంటలోనూ ఆఫీసు పెట్టిన జోహో వాళ్ల నోట్‌బుక్ ఉంది. సరుకుల జాబితా, పాలవాడి లెక్క రాసుకోవడానికి ఇవి చాలు. నేనూ వాటికి కీప్‌నే వాడతాను. కానీ ఉచితం అనేది యజమాని ఇష్టం. ఎవర్‌నోట్ అనే పాత నోట్సు యాప్‌ను ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ కంపెనీ కొన్నాక, 2023 డిసెంబరు నుంచి ఉచిత ఖాతాకు 50 నోట్లు, ఒక నోట్‌బుక్ అని హద్దు గీశారు. పాత నోట్లు చూడొచ్చు, బయటికి తీసుకోవచ్చు, ఆ హద్దు దాటాక కొత్తది మాత్రం రాయలేం. ఏళ్ల తరబడి వందల నోట్లు పోగేసుకున్నవాడికి 50 ఏ మూలకు?

నాకు బాడుగే నయమనిపించిన చోటు ఒకటుంది. మా బావమరిది దామలచెరువులో మామిడి మండీలో లెక్కలు రాస్తాడు. సీజనులో రోజూ కాటా చీటీలు కట్టలు కట్టలుగా వస్తాయి. వాటిని ఫోన్‌తో స్కాన్ చేసి, తేదీల వారీగా పెట్టి, రైతు పేరుతో వెతికితే దొరికే యాప్ కావాలి. కాయ అయిపోయాక ఆ యాప్‌తో పనే లేదు. "బావా, ఏడాదికి కడితే తగ్గుతుందంట" అన్నాడు. తగ్గేది నెల లెక్కన చూస్తేనే. పనుండేది రెండు నెలలే అయినప్పుడు పన్నెండు నెలల డబ్బు ఎందుకు? నెల చందాయే తీసుకోమన్నాను. ఇలాంటి పనికి యాప్ కొనడమంటే పెళ్లి కోసం షామియానా కొనడమే.

నా సంగతికొస్తే, చివరికి రెంటినీ విడదీశాను. రాసుకునే పుస్తకం వేరు, దాన్ని ఫోన్ నుంచి లాప్‌టాప్‌కు మోసే మనిషి వేరు. పుస్తకానికి బాడుగ కట్టను. మోసేవాడికి రోజూ పనుంటుంది, సర్వరు ఖర్చుంటుంది, అతనికి కూలి ఇవ్వడం న్యాయం. అబ్సిడియన్ అనే యాప్ ఇలాగే నడుస్తుంది. యాప్ ఉచితం, నోట్లు మన కంప్యూటర్లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటాయి, సింక్ కావాలంటేనే చందా. ఏడాదికి కడితే నెలకు 4 డాలర్లు, అంటే ఏడాదికి 48. మన డబ్బులో నాలుగు వేలు దాటుతుంది. నాకు ఎక్కువే అనిపించింది. అందుకే జోప్లిన్ అనే ఇంకో యాప్‌కు వెళ్లాను. అదీ ఉచితమే, ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకోవడానికి మనకు ముందే ఉన్న వన్‌డ్రైవ్‌లోనో డ్రాప్‌బాక్స్‌లోనో నోట్లు దాచుకోనిస్తుంది. మొదటి రోజు సెట్టింగులతో కాస్త తంటాలు పడాలి. ఒక ఆదివారం పోయింది.

డబ్బు కంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది, తెలుగు. ఏ యాప్‌నైనా ట్రయల్‌లో పెట్టుకుని 'శ్రీకాళహస్తి', 'స్వర్ణముఖి' అని రాసి, వెతికి చూడండి. తర్వాత పీడీఎఫ్‌గా బయటికి తీయండి. నేను చూసిన ఒక ఖరీదైన యాప్‌లో తెర మీద అంతా బాగానే ఉంది, పీడీఎఫ్‌లో మాత్రం ఒత్తులు విడిపోయి పక్కన నిలబడ్డాయి. అలాంటిది ఏ రేటుకు ఇచ్చినా నాకు దండగే. కాటా చీటీల మీద తెలుగు చేతిరాతను యాప్ చదివేస్తుందని కూడా ఆశపడకండి. మా బావమరిది రైతు పేరును టైటిల్లో తనే టైపు చేస్తాడు.

చందా కట్టడంలో మన దేశంలో ఒక వెసులుబాటు ఉంది. 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు నుంచి చందా డబ్బు కోయడానికి 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి. 15,000 రూపాయల వరకు ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది కాబట్టి ఆ మెసేజే మనకు కాపలా. నాకు ఆ మెసేజ్‌లు దర్శనం, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య కలిసిపోయేవి. ఇప్పుడు క్యాలెండర్‌లో తేదీ రాసుకుంటున్నాను. అక్క కూతురికి ఆ బెడద లేదు, ఒక్కసారి కట్టేసి నిశ్చింతగా ఉంది.

ఈ సీజనుకూ మా బావమరిది రెండు నెలలకే కట్టాడు. చందా ఆపేలోపు చీటీలన్నీ పీడీఎఫ్‌లుగా తీసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. కిందటేడు నేను ఫోన్ చేసి గుర్తుచేస్తే చేశాడు. ఈసారీ నేనే చేయాలేమో.