ఊసరవెల్లికి ఏ దీపం, ఏ గూడు మేలు?

మన చేలల్లో కనబడే ఊసరవెల్లిని పట్టి పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. ఈ పోలిక అమెరికాలోనో మరెక్కడో ఉంటూ, పెంపకందారుల దగ్గర పుట్టిన యెమెన్ జాతి వీల్డ్ కమీలియన్‌ని తెచ్చుకునే మనవాళ్ల కోసం.

ముందు దీపం. గూడు తప్పైతే మార్చుకోవచ్చు, వంగిన ఎముకలు మళ్లీ తిన్నగా రావు. యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) కిరణాలు ఒంటికి తగిలితే చర్మంలో డీ3 విటమిన్ తయారవుతుంది. అది చాలకపోతే మేతగా వేసే మిడతలకు, క్రికెట్లకు (కీచురాళ్లకు) ఎంత కాల్షియం పొడి అద్ది పెట్టినా ఒంటబట్టదు. ముంజేతులు విల్లులా వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక గురి తప్పుతుంది.

మెలికలు తిరిగిన కాంపాక్ట్ బల్బు చవక, కిట్లలో వచ్చేదీ అదే. కానీ దాని యూవీబీ సరిగ్గా కింద చిన్న వలయంలోనే పడుతుంది. జంతువు జానెడు పక్కకు జరిగితే దాదాపు ఏమీ అందదు. టీ5 హెచ్‌ఓ (హై అవుట్‌పుట్, అంటే ఎక్కువ శక్తి గల సన్నటి ట్యూబ్‌లైటు) ట్యూబ్ అయితే గూడు వెడల్పంతా పరుచుకుంటుంది. యూవీబీ బలం 5.0 లేదా 6 శాతం అని రాసి ఉన్న రకం, రిఫ్లెక్టర్‌తో తీసుకోండి. మెర్క్యురీ వేపర్ బల్బులో వేడి, యూవీబీ రెండూ ఒకటే. వేడి ఎక్కువైందని డిమ్మర్‌తో తగ్గించే వీలుండదు. ఊసరవెల్లికి అది వద్దే వద్దు.

ట్యూబ్‌ని పై జాలీ మీద పెడితే, అక్కణ్ణుంచి జంతువు వీపుకి 8–9 అంగుళాలు ఉండాలి. కొలత కొమ్మకి కాదు, వీపుకి. పెద్ద వీల్డ్ కొమ్మ మీద నిలబడితే వీపు మూడు నాలుగు అంగుళాలు పైన ఉంటుంది, నెత్తిన కిరీటం ఇంకా పైకి లేస్తుంది. కాబట్టి కొమ్మ సుమారు 12 అంగుళాల కింద కట్టాలి.

వేడికి వేరే మామూలు బల్బు చాలు. వీపు ఎత్తులో థర్మామీటర్ 85 ఫారెన్‌హీట్ దాటకూడదు, పిల్లలకి 80 దగ్గర ఆపండి. ఎక్కువ ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి: డోమ్‌ని (బల్బు బిగించే గిన్నె లాంటి తొడుగుని) నేరుగా జాలీ మీద పెడతారు, ఊసరవెల్లి జాలీ పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది, ఒళ్లు కాలుతున్నా త్వరగా తప్పుకోదు. కిరీటం మీద పాలిపోయిన మచ్చ పడి, కొద్ది రోజుల్లో నల్లబడుతుంది. డోమ్‌ని స్టాండుకి తగిలించి, జాలీకి రెండు మూడు అంగుళాలు పైన ఉంచండి. రాత్రి ఎర్ర బల్బుతో సహా ఏదీ వద్దు, దానికి చీకటీ చల్లదనమూ కావాలి.

ఇక గూడు. పెద్దదానికి కనీసం 24 × 24 అంగుళాల అడుగుభాగం, 48 అంగుళాల ఎత్తు. అల్యూమినియం జాలీ గూట్లో గాలి బాగా ఆడుతుంది. అయితే చలికాలం హీటర్ నడిచే ఇంట్లో, నీళ్లు చిమ్మిన కాసేపటికే ఆకులు ఎండిపోతాయి. గాజు పెట్టె తేమని, వేడిని నిలుపుతుంది. కింద గాలి రంధ్రాలు, పైన జాలీ లేకపోతే ఆ తడిగాలే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది.

మా ఓటు జాలీ గూటికే, చిన్న మార్పుతో: వెనక, రెండు పక్కల పారదర్శక ప్లాస్టిక్ షీటు బిగించి, ముందు, పైన వదిలేయాలి. ఇల్లు రాత్రి బాగా చల్లబడే చోట మంచి వెంటిలేషన్ ఉన్న గాజు పెట్టె కూడా సరిపోతుంది. నైలాన్ జాలీ మాత్రం కొనకండి, క్రికెట్లు కొరికి బయటపడతాయి. లోపల మనీ ప్లాంటు, మందారం దట్టంగా పెట్టండి. వీల్డ్ ఆకులు కొరుకుతుంది కాబట్టి పురుగుమందు కొట్టిన మొక్కని బాగా కడిగి, మట్టి మార్చాకే పెట్టాలి.

ఏ గూడైనా ఫాగర్ (పొగమంచు చిమ్మే యంత్రం) రాత్రి పూటే, అదీ గది 68 ఫారెన్‌హీట్ కిందకి దిగాకే. వెచ్చటి గాలిలో పొగమంచు వదిలితే జబ్బుని పిలిచినట్టే. ట్యూబ్ బిగించిన తేదీ దాని చివర మార్కర్‌తో రాయండి. యూవీబీ తగ్గిపోయినా వెలుతురు అలాగే కనబడుతుంది కాబట్టి, కంటికి తెలియదు. ఏడాది తిరగ్గానే కొత్తది వేయాలి.