ల్యాబ్ లాగిన్ తెరకు ఏది మేలు: జీడీఎమ్మా, లైట్‌డీఎమ్మా?

గుంటూరు, విజయవాడ కాలేజీ ల్యాబుల్లో ఉబుంటు మెషీన్లకు కాలేజీ లోగో, హెచ్చరిక వాక్యం, తెలుగు కీబోర్డు పెట్టి లాగిన్ తెరను సొంతంగా మలుచుకోవడం మామూలే. అది చెడినప్పుడు ఎంత త్వరగా బాగుచేయగలమన్నది వెనక నడిచే డిస్‌ప్లే మేనేజర్ మీద, అంటే లాగిన్ తెర చూపి డెస్క్‌టాప్ తెరిచే ప్రోగ్రామ్ మీద ఆధారపడుతుంది. జీడీఎం, లైట్‌డీఎం అలాంటివే.

ఆ మేనేజర్‌ను తిట్టే ముందు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి టెక్స్ట్ కన్సోల్‌లో అదే యూజర్‌తో లాగిన్ అయి చూడండి. అక్కడా రాకపోతే తప్పు తెరది కాదు. అక్కడ వచ్చి, తెర మాత్రం పాస్‌వర్డ్ తీసుకుని మళ్లీ మొదటికే వస్తుంటే డిస్కు నిండిందేమో చూడండి. కరెంటు పోయి ఉన్నపళంగా ఆగిన మెషీన్‌లో ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ (చదవడమే తప్ప రాయలేని స్థితి) అయిపోయినా ఇదే లక్షణం. ఈ రెంటికీ మేనేజర్ మార్చి లాభం లేదు.

జీడీఎం లాగిన్ తెర అంటే గ్నోమ్ డెస్క్‌టాప్‌ను నడిపే గ్నోమ్ షెల్లే. 4 జీబీ ర్యామ్ మెషీన్లకు అది బరువు. లోగో, హెచ్చరిక, యూజర్ల జాబితా దాచడం వరకు డీకాన్ఫ్‌లో (గ్నోమ్ సెట్టింగులు ఉండే చోట) రాసి, రూట్‌గా (అడ్మిన్ ఖాతాతో) 'డీకాన్ఫ్ అప్‌డేట్' నడిపితే చాలు. చాలామంది ఆ రెండో మెట్టు మరిచిపోయి సెట్టింగ్ పనిచేయలేదంటారు. రంగులు, అమరిక మార్చాలంటే మాత్రం థీమ్‌ను మూటగట్టి ఉంచే జీరిసోర్స్ ఫైలును విప్పి మళ్లీ కట్టాలి. ప్యాకేజీ అప్‌డేట్ రాగానే ఆ మార్పులు కొట్టుకుపోతాయి, లేదా పాత థీమ్ కొత్త షెల్‌తో పొసగక తెరే రాదు. ఆ దారి ల్యాబుకు వద్దు.

లైట్‌డీఎంలో గ్రీటర్ (కంటికి కనబడే లాగిన్ తెర) వేరే ప్రోగ్రామ్, దాని లాగ్ వేరే. వార్ లాగ్ (/var/log) కింద లైట్‌డీఎం ఫోల్డర్‌లో మేనేజర్‌కు, గ్రీటర్‌కు, తెర మీద బొమ్మ గీసే ఎక్స్ సర్వర్‌కు ఒక్కో ఫైలు ఉంటుంది. ఎవరు పడిపోయారో అక్కడే తేలిపోతుంది. ఎక్కువగా కనబడే తప్పులు ఇవీ. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మను ఎవరిదో హోమ్ ఫోల్డర్‌లో పెడతారు. గ్రీటర్ నడిచేది లైట్‌డీఎం యూజర్‌గా, ఉబుంటు 21.04 నుంచి కొత్త హోమ్‌లకు అనుమతి 750 (సొంతదారు, వారి గ్రూపు తప్ప వేరేవాళ్లు చూడలేరు), కాబట్టి బొమ్మ కనబడదు. యూఎస్ఆర్ షేర్ (/usr/share) కింద పెట్టండి. ఇంకోటి, ప్రొజెక్టర్ కోసం డిస్‌ప్లే సెటప్ స్క్రిప్ట్‌లో రాసే, తెరల అమరిక మార్చే ఎక్స్‌రాండర్ ఆదేశం: ప్రొజెక్టర్ కేబుల్ పీకేసిన రోజు అది విఫలమవుతుంది, స్క్రిప్ట్ సున్నా కాని విలువ ఇస్తుంది, లాగిన్ తెర ఆగిపోతుంది. స్క్రిప్ట్ చివర 'ఎగ్జిట్ 0' ఉంచండి. ఎక్స్ సర్వర్ వాడుకునే అనుమతి తాళం లాంటి, హోమ్‌లోని డాట్ ఎక్స్‌అథారిటీ ఫైలు రూట్ పేరిట మారినా లాగిన్ తిరిగి మొదటికొస్తుంది. జీడీఎం ఆ ఫైలును హోమ్‌లో పెట్టదు కనుక దానికి ఈ బెడద లేదు.

తెలుగు లేఅవుట్ మొదట ఉంటే సరైన పాస్‌వర్డ్ కూడా తప్పే అవుతుంది. రెంటిలోనూ అంతే. ఇంగ్లిష్ ముందు, తెలుగు తర్వాత పెట్టండి. లైట్‌డీఎంకు ఉన్న జీటీకే గ్రీటర్ వాడితే దాని ఇండికేటర్లలో (తెర అంచు గుర్తుల్లో) లేఅవుట్ గుర్తు చేర్చండి.

మూడో మేనేజర్ ఎస్‌డీడీఎం, కేడీఈ డెస్క్‌టాప్ వాళ్లకు. థీమ్‌ను టెస్ట్ మోడ్‌లో ముందే చూసుకోవచ్చు. థీమ్‌లు రాసే భాష క్యూఎంఎల్ రానివాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే (MATE) డెస్క్‌టాప్‌లు నడిచే ల్యాబుకు లైట్‌డీఎమ్మే మేలు. గ్నోమే వాడితే జీడీఎం ఉంచి డీకాన్ఫ్ దాటకండి, ఎందుకంటే గ్నోమ్ స్క్రీన్ లాక్‌కు జీడీఎం కావాలి. మార్చేటప్పుడు 'డీపీకేజీ-రీకాన్ఫిగర్ లైట్‌డీఎం' వాడండి. డిఫాల్ట్ మేనేజర్ ఫైలునో, సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీ లింకునో ఒక్కదాన్నే చేత్తో మారిస్తే రెంటికీ పొంతన కుదరక ఏ తెరా రాదు.