అరవై దాటిన దంపతులకు చైనాలో ఏ ఊరు మేలు: బీజింగా, షియానా, హాంగ్‌జౌనా?

చైనా వెళ్దామనుకునే మా వయసువాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "బీజింగ్ చూడకపోతే చైనా చూసినట్టేనా?" చూసినట్టే అంటాను నేను. బీజింగ్ గొప్ప ఊరు, అందులో సందేహం లేదు. కానీ మోకాళ్లు పట్టేసే వయసులో ఊరిని ఎంచుకునేటప్పుడు అక్కడ ఏముందన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఎంతసేపు నిలబడాలి, మధ్యలో కూర్చోవడానికి చోటుందా, అలసిపోతే వెంటనే బయటపడొచ్చా అన్నవీ చూసుకోవాలి. మావారూ నేనూ ఈ ఊళ్లలో నెమ్మదిగా తిరిగాం. ఆ అనుభవంతో చెబుతున్నాను: రెండు ఊళ్లకే ఓపిక ఉంటే షియాన్, హాంగ్‌జౌ. షాంఘై ఎలాగూ దారిలోనే తగులుతుంది. బీజింగ్‌ను మూడోదిగా, తీరిక ఉంటేనే కలుపుకోండి.

బీజింగ్: గొప్పదే, కానీ నడిపిస్తుంది

బీజింగ్‌లో అసలు కష్టం ఫర్బిడెన్ సిటీతోనే. 1406లో మొదలుపెట్టి 1420లో పూర్తిచేసిన ఈ రాజప్రాసాదం దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు కిలోమీటరు పొడవు. వినడానికి కిలోమీటరే. కానీ తియానన్‌మెన్ దగ్గర సెక్యూరిటీ క్యూ, అక్కడి నుంచి దక్షిణ ద్వారం దాకా నడక, లోపల పక్క మందిరాలు అన్నీ కలిస్తే మూడు నాలుగు కిలోమీటర్లు ఇట్టే అయిపోతాయి. ముందున్న పెద్ద ఆవరణల్లో చెట్టన్నది లేదు. ఎండంతా రాతి పలకల మీదే. ప్రధాన మందిరాలు మూడంచెల పాలరాతి అరుగు మీద ఉంటాయి కాబట్టి ఎక్కడం దిగడం తప్పదు. ఎత్తయిన గడపలు అడుగడుగునా దాటాలి. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, లోపలికి దక్షిణం వైపు నుంచే పంపుతారు, ఆ దారినే తిరిగి రానివ్వరు. సగంలో ఓపిక అయిపోయినా ఉత్తర ద్వారం వైపో తూర్పు ద్వారం వైపో నడవాల్సిందే. టికెట్ ముందుగా పాస్‌పోర్ట్ నంబరుతో ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. సాధారణంగా సోమవారం సెలవు. ఇవి తెలియక గేటు దాకా వెళ్లి నిరాశపడేవాళ్లు రోజూ కనిపిస్తారు.

అయినా బీజింగ్ మీద నాకు ప్రేమే. ఆ ప్రేమ టెంపుల్ ఆఫ్ హెవెన్ వల్ల. పంటలు బాగా పండాలని మింగ్, చింగ్ వంశాల చక్రవర్తులు వచ్చి ప్రార్థించిన చోటు అది. నీలి పలకల కప్పుతో ఉండే ఆ గుండ్రటి మందిరం 1889లో పిడుగు పడి కాలిపోతే మళ్లీ కట్టారు. 38 మీటర్ల ఎత్తున, ఒక్క మేకు వాడకుండా, మొత్తం కర్రతో. మందిరం ఎంత బాగుంటుందో చుట్టూ ఉన్న తోట అంతకంటే బాగుంటుంది. వందల ఏళ్ల నాటి సైప్రస్ చెట్ల కింద పొద్దున్నే ఊళ్లోని రిటైరైనవాళ్లంతా చేరతారు. పేకాడేవాళ్లు, తైచీ చేసేవాళ్లు, గుంపుగా పాడేవాళ్లు, ఈకల బంతిని కాలితో ఎగరేసేవాళ్లు. మన వయసువాళ్లు అంత హుషారుగా ఉండటం చూస్తుంటే మనకూ ఓపిక వస్తుంది. తూర్పు గేటు పక్కనే ఐదో లైన్ మెట్రో స్టేషన్ ఉంది. నేల చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుకు కొదవ లేదు. ఫర్బిడెన్ సిటీయా, ఇదా అంటే నేను ఇదే అంటాను.

సమ్మర్ ప్యాలెస్ కూడా మనకు అనుకూలమైనదే. సరస్సు ఒడ్డున 728 మీటర్ల పొడవు వసారా ఒకటుంది. పైన కప్పు, దూలాల నిండా వేల బొమ్మలు, పక్కల కూర్చునే బల్లలు. వెనకున్న కొండ ఎక్కకుండా ఈ వసారా వెంట నడిచి, పడవలో అవతలి ఒడ్డుకు వెళ్తే చాలు.

ఇక చైనా గోడ. బాడాలింగ్‌కు హైస్పీడ్ రైలుంది, చేరడం సుళువు, కానీ జనం విపరీతం. మూతియన్‌యూ బీజింగ్ నుంచి డెబ్బై కిలోమీటర్లు, కారు మాట్లాడుకోవాలి. ఖర్చు ఎక్కువైనా నేను మూతియన్‌యూనే చెబుతాను. కేబుల్ కార్ 14వ బురుజు దగ్గర దింపుతుంది. అక్కడి నుంచి రెండు మూడు బురుజులు అటూ ఇటూ నడిస్తే కొండల మీద గోడ మెలికలు తిరుగుతూ పోవడం కంటి నిండా కనిపిస్తుంది. మళ్లీ అదే కేబుల్ కార్‌లో దిగిపోవాలి. ఆరో బురుజు వైపు ఉండే జారుడుబండి సరదా కుర్రవాళ్లకే వదిలేద్దాం.

షియాన్: తక్కువ నడకకు ఎక్కువ ఫలం

షియాన్ అంటే పాత చాంగాన్, హాన్, తాంగ్ వంశాల రాజుల రాజధాని. అందరూ మట్టి సైనికుల కోసం వెళ్తారు. 1974లో బావి తవ్వుతున్న రైతులకు దొరికిన ఆ సైన్యం, క్రీ.పూ. 210లో చనిపోయిన చిన్ షి హువాంగ్ చక్రవర్తి సమాధికి కాపలాగా పెట్టింది. ఊరికి తూర్పున నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. మొదటి గొయ్యి ఒక్కటే 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, పైన పెద్ద షెడ్డు. చుట్టూ చదునైన దారి, కటకటాలు పట్టుకుని నిలబడి కిందికి చూడటమే. గేటు నుంచి గోతుల దాకా కొంచెం దూరం ఉంది, దానికి బ్యాటరీ బండ్లున్నాయి. ప్రపంచంలో అంత పెద్ద వింతను ఇంత తక్కువ శ్రమతో చూసే చోటు మరొకటి నాకు తెలియదు. ఒక్కో సైనికుడి ముఖం ఒక్కోలా ఉంటుంది కాబట్టి తొందరపడకండి. జనం ముందు వరస దగ్గరే గుమిగూడతారు, పక్కలకు వెళ్తే తీరిగ్గా చూడొచ్చు.

ఊరి చుట్టూ ఉన్న మింగ్ కాలపు కోటగోడ ఇంకా చెక్కుచెదరలేదు. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన కార్లు పోయేంత వెడల్పు. ఒకసారి మెట్లెక్కితే చాలు, పైన బ్యాటరీ బండి ఎక్కించుకుని తిప్పుతుంది. మోకాళ్లు బాగున్నవాళ్లు సైకిల్ అద్దెకు తీసుకోవచ్చు, ఇద్దరు తొక్కేవి కూడా ఉంటాయి. సాయంత్రం ఎండ తగ్గాక దక్షిణ ద్వారం వైపు నుంచి ఎక్కడం మంచిది.

తెలుగువాళ్లు షియాన్‌లో తప్పకుండా చూడాల్సింది మరొకటి ఉంది, దాన్ని టూర్ కంపెనీలు చాలాసార్లు బస్సు కిటికీ నుంచే చూపించేస్తాయి. పెద్ద వైల్డ్ గూస్ పగోడా. హుయాన్‌త్సాంగ్ మన దేశం నుంచి 645లో మోసుకెళ్లిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టినది. ఆయన మన ధాన్యకటకంలో, అంటే అమరావతిలో, కొన్ని నెలలుండి అక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మం అనే బౌద్ధ తత్వశాస్త్రం చదువుకున్నాడు. కృష్ణ ఒడ్డున కూర్చుని చదువుకున్న మనిషి, తిరిగి వెళ్లి ఆ ఆవరణలో కూర్చుని అనువాదాలు చేశాడు. నాకు మట్టి సైనికుల కంటే ఇది ఎక్కువ మనసుకు పట్టింది. పగోడా లోపల మెట్లు ఎక్కనక్కర్లేదు, కింద ఆలయ ఆవరణలో కాసేపు కూర్చుంటే చాలు.

షియాన్‌కు ఒక లోటుంది. ముస్లిం వీధి పేరుమోసిన తిండి వీధి, కానీ దుకాణాల్లో ఎక్కువ భాగం గొర్రె, గొడ్డు మాంసమే. శాకాహారులకు లియాంగ్‌పీ అనే చల్లటి నూడిల్స్, పెర్సిమన్ పండుతో చేసే తీపి బిళ్లలు దొరుకుతాయి. ఆ రద్దీ నుంచి పక్క సందులోకి తిరిగితే పెద్ద మసీదు వస్తుంది. చైనా పద్ధతి కప్పులు, వరసగా ఆవరణలు, చెట్ల నీడ. ఎండాకాలం షియాన్ మండిపోతుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా వద్దు.

షాంఘై కంటే హాంగ్‌జౌలో ఎక్కువ ఉండండి

షాంఘై గురించి పెద్దగా చెప్పను. బండ్ అనే నది ఒడ్డు దారి మీద సాయంత్రం నడక, నది అవతల 632 మీటర్ల షాంఘై టవర్, ఆ దీపాలు చూడాల్సినవే. ఖరీదైన క్రూయిజ్ బదులు మామూలు జనం నది దాటే ఫెర్రీ ఎక్కండి, 2 యువాన్లు, అంటే దాదాపు 25 రూపాయలే. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం పీపుల్స్ పార్కుకు వెళ్లండి. పెళ్లికావలసిన పిల్లల వయసు, ఎత్తు, చదువు, ఉద్యోగం కాగితం మీద రాసి గొడుగులకు అతికించుకుని తల్లిదండ్రులు వరసగా కూర్చుంటారు. భాష రాకపోయినా ఆ ముఖాల్లోని టెన్షన్ మనకు అర్థమవుతుంది, మన పెళ్లి సంబంధాల పరిచయ వేదికల్లో కనిపించేదే. వాళ్ల బాధ వాళ్లది, ఫొటోలు తీయకండి.

షాంఘై నుంచి హైస్పీడ్ రైల్లో గంట లోపే హాంగ్‌జౌ. వయసైన దంపతులకు చైనాలో ఇంతకంటే మంచి ఊరు లేదని నా నమ్మకం. ఊరి మధ్యనే వెస్ట్ లేక్, మూడు వైపులా కొండలు. 2011లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. సరస్సుకు టికెట్ లేదు, గేటు లేదు, క్యూ లేదు. నచ్చినచోట మొదలుపెట్టి నచ్చినచోట ఆపేయొచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫర్బిడెన్ సిటీ నడిచొచ్చినవాళ్లకు దీని విలువ తెలుస్తుంది. ఒడ్డు వెంట బెంచీలు, విల్లో చెట్ల నీడ, చేయెత్తితే ఆగే బ్యాటరీ బండ్లు. కవి సు తుంగ్‌పో ఇక్కడ అధికారిగా ఉన్నప్పుడు సరస్సులో పూడిక తీయించి, ఆ మట్టితోనే వేయించిన కట్ట మీద ఈ రోజుకీ జనం నడుస్తున్నారు. పడవెక్కి మధ్యలోని దీవికి వెళ్తే నీళ్లలో మూడు చిన్న రాతి గోపురాలు కనిపిస్తాయి. ఒక యువాన్ నోటు వెనక ఉన్న బొమ్మ అదే.

ఇక్కడా మనకొక బంధముంది. లింగ్‌యిన్ ఆలయాన్ని నాలుగో శతాబ్దంలో స్థాపించింది హుయిలీ అనే భారతీయ భిక్షువని చెబుతారు. ఆలయం ఎదుటి కొండను చూసి ఇది మా దేశపు కొండలా ఉందే, ఇక్కడికెలా ఎగిరొచ్చిందని ఆయన ఆశ్చర్యపోయాడట. ఆ కొండ రాళ్ల మీద వందల బుద్ధ విగ్రహాలు చెక్కారు, ఎక్కువ భాగం కింద వాగు పక్క దారిలోనే కనిపిస్తాయి. పైన ఆలయంలో మెట్లున్నాయి, ఓపిక ఉన్నంత వరకే ఎక్కండి. ఆ పక్క కొండల్లో లోంగ్‌జింగ్ టీ తోటలు. ఏప్రిల్ మొదట్లో వెళ్తే కొత్త ఆకు టీ దొరుకుతుంది.

సూజౌ తోటలు చాలామంది చూడమంటారు. పెద్ద తోటల్లో రద్దీ, ఎగుడుదిగుడు రాళ్లు. వెళ్తే చిన్నదైన మాస్టర్ ఆఫ్ నెట్స్ తోట ఒక్కటి చాలు. చోంగ్‌చింగ్ అంతా మెట్ల ఊరు, జాంగ్‌జియాజియె అంతా కొండ. ఆ రెండూ మనకొద్దు.

ప్యాకేజీయా, సొంతంగానా?

ప్యాకేజీలో ఇండియన్ భోజనం, భాష తెలిసిన గైడ్, వీసా పని వాళ్లే చూడటం పెద్ద సుఖాలే. కానీ పొద్దున్నే లేపుతారు, వారంలో నాలుగైదు ఊళ్లు తిప్పుతారు, పట్టు, జేడ్ రాళ్ల దుకాణాల్లో గంటలు కూర్చోబెడతారు. సొంతంగా వెళ్తే అలసిన పూట హోటల్లో పడుకోవచ్చు. మా వయసులో ఆ స్వేచ్ఛే ముఖ్యమనుకుంటాను. ఫోన్ వాడకం బొత్తిగా రానివాళ్లు మాత్రం ప్యాకేజీకే వెళ్లండి, లేదా పిల్లల్ని తోడు తీసుకెళ్లండి. అక్కడ బండి మీద అమ్ముకునే ముసలమ్మ కూడా డబ్బు ఫోన్‌లోనే తీసుకుంటుంది. అలీపే అనే చెల్లింపు యాప్‌లో మన వీసా కార్డో, మాస్టర్ కార్డో బయల్దేరకముందే కలుపుకోవాలి. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో పనిచేయవు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే పనిచేస్తాయి, అందుకే రోమింగ్ ప్యాక్ వేయించుకోండి.

బీజింగ్ నుంచి షియాన్‌కు విమానం కంటే రైలే మేలు, నాలుగు నుంచి ఆరు గంటలు. లేచి నడవొచ్చు, ప్రతి పెట్టెలో మరిగిన నీళ్లు దొరుకుతాయి, ఫస్ట్ క్లాస్‌లో వరసకు నాలుగే సీట్లు. స్టేషన్లు ఎయిర్‌పోర్టులంత పెద్దవి, గంట ముందే చేరండి. పాస్‌పోర్టే టికెట్, మనుషులున్న కౌంటర్ వైపు వెళ్లాలి. షియాన్ నుంచి హాంగ్‌జౌకు మాత్రం విమానమే మంచిది.

భోజనానికి "వో ఛర్ సూ" అంటే శాకాహారినని అర్థమవుతుంది, కానీ వంటలో పందికొవ్వు, ఆయిస్టర్ సాస్ పడతాయని గుర్తుంచుకోండి. బౌద్ధాలయాలు నడిపే శాకాహార హోటళ్లలో ఆ భయం లేదు. షాంఘైలో 1922 నుంచి ఉన్న గోంగ్‌దెలిన్ పూర్తి శాకాహార హోటల్. కందిపొడి, కారప్పొడి పెట్టెలో ఉంటే తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది. చాలాచోట్ల టాయిలెట్లు కింద కూర్చునేవే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వీల్‌చైర్ గుర్తున్న గది వెతుక్కోవాలి, టిష్యూలు వెంట ఉంచుకోవాలి. 60 దాటితే చాలా చోట్ల టికెట్ తగ్గుతుంది, పాస్‌పోర్ట్ చూపించి అడగండి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకు ఒక మాట. అమెరికా పాస్‌పోర్ట్ ఉంటే, మూడో దేశానికి వెళ్తూ మధ్యలో 240 గంటలు వీసా లేకుండా చైనాలో ఉండొచ్చు. తల్లిదండ్రులది ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే వాళ్లకు ఈ వెసులుబాటు లేదు, వీసా ముందే తీసుకోవాలి. అందరూ కలిసి టికెట్లు కొనేముందు ఇది చూసుకోండి.

ఏప్రిల్ చివరి వారాలు, లేదా అక్టోబరు రెండో వారం నుంచి నెలాఖరు దాకా వెళ్లండి. అక్టోబరు 1 నుంచి వారం రోజులు, మే నెల మొదటి ఐదు రోజులు దేశమంతా సెలవుల్లో రోడ్డు మీదే ఉంటుంది, ఆ రోజుల్లో వెళ్లనే వద్దు. షాంఘైలో దిగి, హాంగ్‌జౌలో ఎక్కువ రోజులుండి, విమానంలో షియాన్ చేరి అక్కడి నుంచి తిరుగుప్రయాణం కట్టండి. చైనా గోడ చూడాలన్నది ఇద్దరిలో ఒకరికి చిన్నప్పటి నుంచీ ఉన్న కోరికైతే మాత్రం నా వరస పక్కన పెట్టేయండి. ఓపిక నిండుగా ఉన్నప్పుడే బీజింగ్‌తో మొదలుపెట్టి, ఫర్బిడెన్ సిటీ రోజు తర్వాత ఒక పూర్తి రోజు ఏమీ పెట్టుకోకుండా ఉంచుకోండి.