నొప్పి తగ్గాక కూడా పేషెంట్‌ని వదలని పళ్ల క్లినిక్

పన్ను నొప్పి తగ్గించే డాక్టర్లు చాలామందే ఉన్నారు. నొప్పి తగ్గిన మనిషి మళ్లీ వచ్చేలా చూసుకునే చోటు మాత్రం నాకు ఇదొక్కటే కనిపించింది. అందుకే ఈ రివ్యూ కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మా తమ్ముడు లారీల్లోంచి సరుకు దింపే పని చేస్తాడు. రోజు కూలీ, పని మానేస్తే ఆ రోజు డబ్బులు రావు. కింది దవడ పన్ను పుచ్చిపోయి చాలాకాలమైంది. నొప్పి లేచినప్పుడు మందుల షాపులో మాత్రలు కొని మింగడం, తగ్గగానే మర్చిపోవడం, ఇదే వాడు చేసుకున్న వైద్యం. ఈసారి చెంప వాచి, నోరు తెరవడమే కష్టమైంది. ఇక వాడి మాట వినకుండా తీసుకెళ్లాను.

ఎక్స్‌రే తీస్తే వేరు చివర చీము పట్టిందని తేలింది. రూట్ కెనాల్ చేసి పన్ను కాపాడొచ్చు, లేదంటే పీకేయొచ్చు అన్నారు డాక్టర్ గారు. దేనికి ఎన్నిసార్లు రావాలి, ఎంతవుతుంది, తర్వాత క్యాప్ వేయించాలా అన్నవన్నీ ఒక కాగితం మీద రాసి చేతికిచ్చారు. విడతలుగా కట్టొచ్చని కూడా అందులోనే ఉంది. కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో పనిముట్టు పెట్టాక ధర చెప్పే చోట్లు చూశాను కాబట్టి ఈ కాగితం నాకు చాలా నచ్చింది. మత్తు ఇంజెక్షన్‌కి ముందు చిగురుకి జెల్ రాశారు. నొప్పిగా ఉంటే ఎడమ చెయ్యి ఎత్తమన్నారు. వాడు ఎత్తాడు, నిజంగానే ఆపారు.

ఇంతవరకూ మంచి క్లినిక్ ఏదైనా చేస్తుంది. అసలు చెప్పాల్సింది ఆ తర్వాతది.

ఆ రోజు పని అయ్యాక బిల్లు ఇచ్చి పంపేయలేదు. అక్కడ అసిస్టెంట్‌గా చేసే ఒకావిడ వాడి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆరు నెలలకోసారి రావాలని పాఠం చెప్పలేదు. "ఇన్నాళ్లూ రాకపోవడానికి కారణం ఏంటండీ? డబ్బులా, టైమా, భయమా, ఇంకేమన్నా ఉందా?" అని అడిగింది. మా వాడు "టైమ్ ఉండదండీ" అన్నాడు. ఆవిడ తొందరపెట్టలేదు. కాసేపటికి వాడే చెప్పాడు: "చిన్నప్పుడు ఒక డాక్టర్ నా పళ్లు చూసి అందరి ముందూ తిట్టాడండీ. అప్పట్నుంచీ ఎవరి ముందైనా నోరు తెరవాలంటే సిగ్గు." ఒకే ఇంట్లో పెరిగాం, ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆవిడ ఊరికే ఓదార్చలేదు. వాడి కార్డు మీద "లోపలి గదిలోనే చూడాలి, పళ్ల స్థితి గురించి మందలించకూడదు" అని రాసి, వాడికే చదివి వినిపించింది. ఆ తర్వాత ఏ రోజుల్లో లోడ్లు తక్కువ వస్తాయి, ఏ పూట వీలవుతుంది, ఆ రోజే పని తగిలితే ఎవరికి ఫోన్ చేసి తేదీ మార్చుకోవాలి, ఇవన్నీ వాడి చేతే రాయించింది. తేదీ అక్కడే ఖాయమైంది. మొత్తం పది నిమిషాలు పట్టిందేమో. ఆ తేదీకి వాడు నేను గుర్తు చేయకుండానే వెళ్లాడు.

నేను బడిలో సైన్స్ చెప్తాను. ఇలాంటివి కనిపిస్తే వెతికి చదవడం అలవాటు. నొప్పి వస్తేనే వచ్చే పేషెంట్లను క్రమంగా వచ్చేలా చేయడానికి ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ యూనివర్సిటీ పరిశోధకులు దాదాపు ఇదే పద్ధతిని పరీక్షించారు. అక్కడా మాట్లాడేది డెంటల్ నర్సులే. అడ్డం ఏమిటో పేషెంట్ చేతే చెప్పించడం, దాన్ని దాటడానికి చిన్న ప్లాన్ రాయించడం. మనిషికి తెలియక రావట్లేదు అనుకుంటే పోస్టర్లు అంటిస్తాం. ఏదో అడ్డం వస్తోందని ఒప్పుకుంటేనే ఇలా అడగాలనిపిస్తుంది.

ఇంకో విషయం కూడా మెచ్చుకోవాలి. పనిలో పనిగా నా పళ్లు చూపించుకున్నాను. కొత్త పుచ్చు లేదు, చిగుళ్ల నుంచి రక్తం రావట్లేదు, షుగర్ లేదు. ఏడాదిన్నర తర్వాత రమ్మన్నారు. తమ్ముణ్ని మూడు నెలలకే రమ్మన్నారు. అందరికీ ఆరు నెలలే కదా అని అడిగితే, అవసరాన్ని బట్టి అన్నారు డాక్టర్ గారు. ఇది ఆయన సొంత లెక్క కాదు. బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలిచ్చే నైస్ అనే సంస్థ 2004లోనే పెద్దవాళ్లకి మనిషిని బట్టి 3 నెలల నుంచి 24 నెలల వరకు గడువు పెట్టొచ్చని చెప్పింది. 51 క్లినిక్‌లలో 2,372 మంది పెద్దవాళ్లను నాలుగేళ్లు గమనించిన అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. ఆరు నెలలకోసారి వెళ్లినవాళ్లకీ, అవసరాన్ని బట్టి వెళ్లినవాళ్లకీ చిగుళ్ల ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే వాళ్లంతా అప్పటికే క్రమంగా డాక్టర్ దగ్గరికి వెళ్లే అలవాటున్నవాళ్లు. ఇది చదివి మా తమ్ముడిలాంటివాళ్లు రెండేళ్లు ఆగకూడదు.

నాలాంటివాళ్లకి గడువు పెంచితే ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. ఈ క్లినిక్‌లో ఆ ఖాళీని సాయంత్రం పూట, అపాయింట్‌మెంట్ లేకుండా నొప్పితో వచ్చేవాళ్లకి ఉంచుతున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం నోటి జబ్బులున్నవాళ్లు దాదాపు 350 కోట్ల మంది, ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్య ఆదాయ దేశాలవాళ్లే. వైద్యం అవసరం ఎక్కువున్నవాళ్లకే అది తక్కువగా దొరుకుతుందని జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే బ్రిటిష్ డాక్టర్ 1971లోనే రాశాడు. ఒక చిన్న క్లినిక్ తన అపాయింట్‌మెంట్ పుస్తకంలోనైనా ఆ తీరుని మార్చాలని చూడటం నాకు చాలా సంతోషంగా అనిపించింది.

ఐదుకి నాలుగు స్టార్లే ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ రిమైండర్ మెసేజ్‌ల గురించి. అవి ఇంగ్లీషులో వస్తాయి, ఒక లింక్ నొక్కి కన్ఫర్మ్ చేయాలి. తర్వాతి తేదీకి తమ్ముడికి అలాంటి మెసేజే వచ్చింది. వాడిది చిన్న బటన్ ఫోన్. లింక్ తెరుచుకోలేదు, అపాయింట్‌మెంట్ రద్దయిపోయింది. అంత ఓపిగ్గా అడిగి తెలుసుకుని, ఒక్క మెసేజ్‌తో ఆ శ్రమంతా పోగొట్టుకుంటే ఎలా? నేను ఫోన్ చేస్తే క్షమించమని చెప్పి వేరే తేదీ ఇచ్చారు. కానీ ఫోన్ చేసే అక్క లేనివాళ్ల సంగతేంటి? లింక్ నొక్కి కన్ఫర్మ్ చేయలేనివాళ్లకి మనిషే ఫోన్ చేసి తెలుగులో చెప్పాలి. క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులతో ఒక పెద్దాయన మెట్ల దగ్గరే ఆగిపోతే, డాక్టర్ గారే కిందికొచ్చి చూసి మందు రాశారు. మంచితనమే, కానీ పన్ను పని కింద జరగదు కదా. వారంలో ఒక పూటైనా కింద అంతస్తులో గది తీసుకుంటే బాగుంటుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి: నొప్పి ఉంటే సాయంత్రం తెరవగానే వెళ్లండి, ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్లండి. స్మార్ట్‌ఫోన్ లేకపోతే రిసెప్షన్‌లో ముందే చెప్పి, కార్డు మీద "ఫోన్ చేయాలి" అని రాయించుకోండి.