రాజమండ్రిలో దిగాలా, గోదావరి స్టేషన్‌లో దిగాలా?

రైల్లో రాజమండ్రి వెళ్లేవాళ్లు హోటల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఏ స్టేషన్‌లో దిగాలో ముందు తేల్చుకోవాలి. ఊళ్లో రెండున్నాయి. పెద్దది రాజమండ్రి స్టేషన్. వందేభారత్ నుంచి మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి) దాకా అక్కడ ఆగుతాయి. రెండోది గోదావరి స్టేషన్. విజయవాడ వైపు నుంచి వస్తే కొవ్వూరు దాటి గోదావరి వంతెన దిగగానే వస్తుంది. పాసింజర్లు, కొన్ని ఎక్స్‌ప్రెస్‌లు మాత్రమే అక్కడ ఆగుతాయి.

గోదావరి స్నానానికి వెళ్లేవాళ్లకు ఈ చిన్న స్టేషనే నయం. పుష్కర్ ఘాట్ దగ్గరే, ఆటో ఎక్కితే చాలు. జనం తక్కువ, దిగి బయటకు రావడం తేలిక. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పెద్ద స్టేషన్‌లో సామాను మోసుకుంటూ ప్లాట్‌ఫాం మారే వంతెన మెట్లెక్కించాలంటేనే నాకు టెన్షన్. అందుకే ఈసారి విజయవాడ నుంచి గోదావరి స్టేషన్‌లో ఆగే బండే చూసుకుని ఎక్కాం. టికెట్ తీసుకునే ముందు ఆ బండికి అక్కడ హాల్ట్ ఉందో లేదో తప్పకుండా చూడండి.

ఈ లైను కథ తెలిస్తే ప్రయాణం ఇంకా బాగుంటుంది. విజయవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట రైలు మార్గం 1893–96 మధ్య వేశారు. గోదావరి మీద వంతెన మాత్రం 1900లో గానీ పూర్తికాలేదు. అప్పటిదాకా రైలు ఇటు ఒడ్డున ఆగేది, జనం పడవలో ఏరు దాటి అటు ఒడ్డున మళ్లీ రైలెక్కేవారు. ఆ పాత వంతెనకు మద్రాసు గవర్నర్ హేవలాక్ పేరు పెట్టారు. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన ఇంజనీరు వాల్టనే దీన్నీ కట్టాడు. స్తంభాల మధ్య మొత్తం 56 స్పాన్లు. 1997లో రైళ్లు ఆపేసినా రాతి స్తంభాలు, ఇనుప గడ్డర్లు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. దాని పక్కనే తెల్లటి కాంక్రీటు విల్లుల కొత్త వంతెన. ఈ రెండింటికీ మధ్య కాలంలో, 1974లో, పైన రోడ్డు, కింద రైలు నడిచే వంతెన వచ్చింది.

ఏరు చూడాలంటే ఏసీ బోగీ వద్దని నా గట్టి అభిప్రాయం. మూసిన అద్దంలోంచి గోదావరి చూసి ఏం లాభం? స్లీపర్‌లోనో పాసింజర్‌లోనో కూర్చోండి. కొవ్వూరు దాటగానే పెట్టె అంతా కిటికీల వైపు జరుగుతుంది. మా ఎదుట కూర్చున్న పెద్దావిడ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసింది. కళ్లకద్దుకుని ఊచల మధ్య నుంచి విసిరితే అది గడ్డర్‌కి తగిలి ఠంగుమని మోగింది. ఆవిడ ఊరుకోలేదు, ఇంకో బిళ్ల తీసింది. ఈసారి నీళ్లలో పడేదాకా చూసి, అప్పుడు మా అమ్మతో, "మీరూ వెయ్యండి వదినగారూ, తల్లి కదా!" అంది. అమ్మ వెంటనే నా జేబు వైపు చెయ్యి చాపింది.

బస విషయానికొస్తే మూడు దారులు. ఒకటి, రాజమండ్రి స్టేషన్‌లోని రిటైరింగ్ రూములు. కన్ఫర్మ్ అయిన టికెట్ పీఎన్ఆర్‌తో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. తెల్లారుజామున రైలు పట్టుకునేవాళ్లకి ఇంతకు మించింది లేదు. కాకపోతే బళ్ల చప్పుడుకి నిద్ర పలచనివాళ్లకు కష్టమే. రెండు, స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జీలు. మేం దిగిన ఒకదాంట్లో వేణ్ణీళ్లు పొద్దున్న కాసేపే వచ్చాయి. అడిగితే, "ఆయ్, ఇందాకే అయిపోయాయండి" అన్నాడు కుర్రాడు, మర్యాదగానే. అందుకని డబ్బు కట్టేముందు గది చూసి, కుళాయి తిప్పి చూడండి. మూడు, గోదావరి గట్టు వైపు హోటళ్లు. ధర ఎక్కువే, కానీ సాయంత్రం గట్టు మీద నడవాలంటే అవే బాగుంటాయి. గట్టు మీదే దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఇరవై ఎనిమిదేళ్లకే పోయిన ఆ చిత్రకారుడి బొమ్మల ముందు గంటసేపైనా నిలబడాల్సిందే.

తిండికి స్టేషన్‌లో ఆగకండి, బయటకు రండి. పెసరట్టు ఉప్మా, మెయిన్ రోడ్డులో రోజ్ మిల్క్, ఇంటికి ఆత్రేయపురం పూతరేకులు. 2023లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే ముద్ర) వచ్చాక వీటి పేరు చెప్పి అమ్మేవాళ్లు పెరిగారు. రేకు పలచగా, నోట్లో వేసుకోగానే కరగాలి. నాలుక్కి పీచులా తగిలితే ఆ షాపు వద్దు.

రాజమండ్రి కేంద్రంగా పెట్టుకుని పాసింజర్లలో తిరగడమే ఈ డెల్టాని చూడటానికి సరైన పద్ధతి. సామర్లకోట వైపు వెళ్తే కడియం నర్సరీలు, బిక్కవోలులో చాళుక్యుల నాటి గుళ్లు, చివర సామర్లకోటలో కుమారారామం. ద్వారపూడిలో దిగితే అక్కడి నుంచి తాపేశ్వరం కాజా దగ్గరే. అటు వైపు నిడదవోలు మీదుగా వెళ్తే భీమవరంలో సోమారామం, నరసాపురం బండిలోనే పాలకొల్లు క్షీరారామం. పంచారామాలనే ఐదు శివాలయాల్లో మూడు ఇలా రైల్లోనే అవుతాయి. వాటిలోదే అయిన ద్రాక్షారామానికి మాత్రం బస్సే మేలు. అమలాపురానికైతే రైలే లేదు. కోటిపల్లి–నరసాపురం లైను కోసం కోనసీమ ఏళ్ల తరబడి ఎదురుచూస్తోంది. అది పూర్తికావాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

పొద్దున్న, సాయంత్రం పాసింజర్లలో కాలేజీ పిల్లలు, ఉద్యోగులు కిక్కిరిసి ఉంటారు. పెద్దవాళ్లతో వెళ్తే పదకొండు తర్వాత బండి చూసుకోండి. జనరల్ టికెట్ ఫోన్‌లో తీసుకుంటే క్యూ బాధ తప్పుతుంది. 2027లో మళ్లీ పుష్కరాలు. ఆ రోజుల్లో ఈ రెండు స్టేషన్లలోనూ కాలు పెట్టే సందుండదు. ఊరిని తీరిగ్గా చూడాలనుకునేవాళ్లు అంతకు ముందే, ఏ కార్తీక మాసం అయిపోయిన వారమో చూసుకుని బయల్దేరండి. అప్పటికి వరద తగ్గి ఉంటుంది, లాడ్జీల్లో బేరమూ కుదురుతుంది.