ఎక్‌డిస్టెరోన్ క్యాప్సూల్స్: డబ్బా మీద 500, లోపల ఎంత?

కండ పెంచుతాయని, "పాలకూర స్టెరాయిడ్" అంటూ అమ్మే ఈ క్యాప్సూల్స్‌లో అసలు సరుకు 20-హైడ్రాక్సీఎక్‌డైసోన్; ఎక్‌డిస్టెరోన్ అన్నా అదే. పురుగులు కుబుసం విడవడానికి పనికొచ్చే హార్మోను ఇదే. డబ్బా మీద పాలకూర బొమ్మ ఉన్నా, మార్కెట్లో దొరికే పొడి చాలావరకు సయనోటిస్ అనే మొక్క వేరు నుంచి తీసింది. అణువు ఒకటే కాబట్టి దానితో పేచీ లేదు, కానీ ఆ సంగతి దాచడం బాగోలేదు.

లేబుల్‌లో 500 మి.గ్రా. అన్న అంకె కన్నా ముందు దాని పక్కనుండే శాతం చూడాలి. "500 మి.గ్రా. సారం, 10 శాతం" అంటే ఒంట్లోకి వెళ్లేది 50 మి.గ్రా. మాత్రమే. శాతం రాయని డబ్బా కొనొద్దు. రాసినా, ఎలా కొలిచారో అడగండి. యూవీ (అతినీలలోహిత కాంతి) పద్ధతిలో 245 నానోమీటర్ల దరిదాపుల్లో కాంతిని పీల్చుకునే ప్రతి పదార్థమూ ఎక్‌డిస్టెరోన్ కింద జమ అయిపోతుంది, అంకె ఉబ్బుతుంది. హెచ్‌పీఎల్‌సీ అనే ల్యాబ్ పద్ధతి అయితే వేటికవి విడదీసి కొలుస్తుంది. అమ్మేవాళ్లు చూపే ల్యాబ్ రిపోర్టులోని బ్యాచ్ నంబరు, డబ్బా మీది నంబరు కలవాలి.

ఇంత చాదస్తం ఎందుకంటే, 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. 46 మంది యువకులు, 10 వారాల బరువుల శిక్షణ. క్యాప్సూల్ వేసుకున్నవాళ్లలో కండ, బెంచ్ ప్రెస్ బలం ఎక్కువగా పెరిగాయి. తీరా క్యాప్సూల్‌ని పరీక్షిస్తే 100 మి.గ్రా. అని రాసినచోట ఉన్నది సుమారు 6 మి.గ్రా.! మరోవైపు 2006 నాటి అధ్యయనంలో రోజుకు 200 మి.గ్రా. చొప్పున 8 వారాలు ఇచ్చినా తేడా కనబడలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారెవరూ "ఇంత మోతాదుకు ఇంత కండ" అని చెప్పే ప్రకటనను నమ్మరు.

ప్రకటనల్లో కనిపించే "20 శాతం ఎక్కువ ప్రోటీన్ తయారీ" అబద్ధం కాదు, కానీ అది గాజు పాత్రలోని మాట. 2008లో ఎలుక, మనిషి కండ కణాల్లో గరిష్ఠంగా అంత పెరుగుదల కనిపించింది. పీఐ3-కైనేజ్‌ను (కణంలో పెరుగుదల సంకేతాలందించే ఎంజైమ్) అడ్డుకునే మందు కలిపితే ఆ ప్రభావం తగ్గింది. ఎక్‌డిస్టెరోన్ మాత్రం ఆండ్రోజన్ రిసెప్టర్‌కు (టెస్టోస్టెరోన్ పనిచేయడానికి అతుక్కునే చోటు) అతుక్కోలేదు, కాబట్టి దీన్ని టెస్టోస్టెరోన్‌తో పోల్చే ప్రచారం వట్టిదే. పాత్రలో ఎక్‌డిస్టెరోన్ నేరుగా కణానికి తగులుతుంది. మింగినప్పుడు రక్తంలోకి చేరేది తక్కువ, అదీ కొద్ది గంటల్లో తగ్గిపోతుంది. అందుకే వృద్ధుల కండ క్షీణతపై జరిగిన ట్రయల్‌లో 175, 350 మి.గ్రా. మోతాదులను రోజుకు రెండుసార్లు ఇచ్చారు.

ఇదే కుటుంబానికి చెందిన టర్కెస్టెరోన్ ఇంకా ఖరీదు, మనుషుల్లో ఆధారం ఇంకా తక్కువ. దాని జోలికి పోవక్కర్లేదు.

హెచ్‌పీఎల్‌సీ రిపోర్టున్న ఎక్‌డిస్టెరోన్‌కు నా మార్కులు ఐదుకు రెండున్నర, లేనిదానికి సున్నా. క్రీడాకారులకు ఒక మాట: వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) 2020లో దీన్ని పర్యవేక్షణ జాబితాలో చేర్చింది. అది నిషేధం కాదు, అయినా జాబితా ఏటా మారుతుంది కాబట్టి పోటీకి ముందు ఆ ఏడాది జాబితా చూసుకోండి. లేబుల్‌లో రాయని పదార్థం కలిసినా పరీక్షలో దొరికేది మీరే.