రెండు పాత రాజధానులు: గ్రాండ్ బస్సామ్, బింజర్‌విల్

ఐవరీ కోస్ట్ ఫ్రెంచి వలసగా ఉన్నప్పుడు ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి రాజధానులయ్యాయి.

గ్రాండ్ బస్సామ్ పాత పేట సముద్రానికీ ఎబ్రియే ఉప్పునీటి సరస్సుకీ మధ్య సన్నటి ఇసుకపట్టీ మీద ఉంటుంది. ఓడల వ్యాపారానికి మంచి చోటు, దోమలకీ అంతే. 1893లో రాజధాని అయింది. 1899లో దోమలతో వ్యాపించే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) విరుచుకుపడి చాలామందిని పొట్టన పెట్టుకుంది. దాంతో పాలకులు సరస్సుకి ఉత్తరాన, మెరకలో ఉన్న చోటికి మారారు. అదే బింజర్‌విల్. మొదటి గవర్నర్ లూయీ గుస్తావ్ బింజర్ పేరే దానికి పెట్టారు. 1934లో రాజధాని అబిజాన్‌కి వెళ్లిపోయింది.

ఇప్పుడు బింజర్‌విల్ అబిజాన్ స్వయంపాలిత జిల్లాలో ఒక భాగం. నాటి గవర్నర్ భవనంలో అనాథ బాలుర ఆశ్రమం నడుస్తోంది. అధికారం ఖాళీ చేసిన ఇల్లు పిల్లలకి నీడ కావడం నాకు ఎంతో నచ్చింది.

బస్సామ్ మాత్రం సుద్ కొమోయే ప్రాంతంలో విడిగా ఉంది, 2012లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఫ్రెంచి పేటతో పాటు న్‌జిమా ప్రజల ఊరు కూడా అందులో ఉంది. ఒక్కటే చూడగలిగితే నేను బస్సామ్‌కే వెళ్తాను, అదీ న్‌జిమాల అబిస్సా పండుగ రోజుల్లో.